లోతు సముద్రపు గ్యాస్ క్షేత్రం: ముందు నీటి లెక్క తేల్చండి

కాకినాడకు ఎదురుగా, బంగాళాఖాతం అడుగున పనిచేసే పరికరాల రూపకల్పనలోనే నా ఉద్యోగమంతా గడిచింది. కొత్తగా చేరిన ఇంజనీర్లు ముందుగా భయపడేది లోతుకు. సముద్రపు పీడనం లెక్కకు లొంగుతుంది: పది మీటర్లకు ఒక బార్ (దాదాపు నేలమీది గాలి పీడనమంత) చొప్పున 2,000 మీటర్ల అడుగున 200 బార్లు. దానికి తగిన ఉక్కును ఎంచుకోవచ్చు. నన్ను నిద్రపోనివ్వనిది మరొకటి. బావిలోంచి గ్యాస్‌తోపాటు నీరు ఎప్పుడు, ఎంత వస్తుందన్నది.

అందుకే ఏ నమూనా గీయకముందే భూగర్భ నిపుణులతో కూర్చోండి. నిల్వలను ఒకే అంకెగా తీసుకోకండి. తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని మూడు అంకెలు రాయించండి. నీటికీ అలాగే మూడు రాయించండి. కాకినాడ తీరానికి ఎదురుగా ఉన్న కృష్ణా-గోదావరి బేసిన్ గ్యాస్ బ్లాకు కేజీ-డీ6లోని డీ1, డీ3 క్షేత్రాల్లో 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది. ఏడాది తిరిగేసరికి రోజుకు ఆరు కోట్ల ఘనపు మీటర్ల దాకా పెరిగింది. తర్వాత బావుల్లోకి నీరు, ఇసుక చేరాయి. ఒక్కొక్క బావీ మూతపడుతూ వచ్చి, 2020 ఫిబ్రవరిలో ఉత్పత్తి ఆగిపోయింది.

నీటి అంకె మారితే మిగతావన్నీ మారతాయి. 2,000 మీటర్ల అడుగున సముద్రపు నీటి ఉష్ణోగ్రత నాలుగు డిగ్రీలు మించదు. గ్యాస్‌లో ప్రధానమైన మీథేన్, నీరు కలిస్తే 100 బార్ల వద్ద సుమారు 13 డిగ్రీలకే మంచులాంటి హైడ్రేట్ గడ్డ కడుతుంది. అందుకే గడ్డ కట్టకుండా ఆపే గ్లైకాల్ అనే ద్రవాన్ని పైపులోకి నిరంతరం పంపుతాం. నీరు రెట్టింపైతే గ్లైకాల్ కూడా దాదాపు రెట్టింపు కావాలి. కానీ దాన్ని మోసుకెళ్లే అంబిలికల్‌లోని (ఒడ్డు నుంచి బావుల దాకా పరిచే గొట్టాలు, తీగల కట్టలోని) సన్నని గొట్టాన్ని ఒక్కసారే పరుస్తాం. ఇరవై ఏళ్లపాటు దానితోనే సర్దుకోవాలి. గొట్టం కొలతను ఎక్కువ నీటి అంకెకు సరిపడేలా తీసుకోండి. ఒడ్డున గ్లైకాల్‌ను శుద్ధిచేసే యూనిట్ పక్కన ఖాళీ స్థలం వదలండి. ఖర్చు తగ్గించాలనుకునేవారి కత్తెర ముందుగా ఆ స్థలం మీదే పడుతుంది. ఒప్పుకోకండి. ప్రతి బావికీ విడిగా మీటరు, ఇసుక రేణువుల చప్పుడును పట్టే సెన్సారు పెట్టించండి. ఏ బావి నీరు పోస్తోందో తెలియకపోతే మంచి బావినీ మూయవలసి వస్తుంది.

పైపులో హైడ్రేట్ గడ్డ కట్టిందంటే ఒకవైపు నుంచే పీడనం తీయకండి. ఆ గడ్డ తుపాకి గుండులా దూసుకెళ్లి పైపు వంపును బద్దలు కొట్టగలదు. రెండు వైపులా సమంగా దించాలి. రెండో వైపుకు దారి నమూనాలోనే లేకపోతే తర్వాత ఎవరూ తెచ్చి ఇవ్వలేరు.

పరికరాలన్నిటినీ సముద్రంలో దించకముందు నేలమీద ఒకదానికొకటి బిగించి చూడండి. ఒక యార్డులో రెండు కర్మాగారాల నుంచి వచ్చిన కనెక్టర్లు నాలుగు మిల్లీమీటర్ల తేడాతో అమరలేదు. పత్రాల ప్రకారం రెండూ సరైనవే. అక్కడ రెండు రోజుల్లో సరిచేశాం. అదే నీటి అడుగున అయితే ఓడను నిలబెట్టి, యంత్రపు చేతులతో తంటాలు పడుతూ ఉండేవాళ్లం. ఓడ పనులకు జనవరి నుంచి మార్చి వరకు సముద్రం అనుకూలం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపానుల కాలం, ఆ నెలలను ప్రణాళికలో లెక్కించకండి.

ఇక రిస్కు రిజిస్టర్, అంటే ఏయే ప్రమాదాలు రావచ్చో, వాటికి ఏం చేయాలో రాసే పుస్తకం. ప్రతి వరుసలో ఒక మనిషి పేరు, ఒక తేదీ, పని పూర్తయిందనడానికి రుజువు ఉండాలి. ‘పరిశీలనలో ఉంది’ అని రాసి ఉంటే నేను తిప్పి పంపేదాన్ని. ఆ పుస్తకాన్ని ఒడ్డున కంట్రోల్ రూములో రాత్రి షిఫ్టు చేసేవారితో కలిసి చదవండి. ‘గ్లైకాల్ పంపు ఆగిపోతే బావిని మూయకుండా ఎంతసేపు ఉండవచ్చు మేడమ్?’ అని ఒక ఆపరేటరు అడిగాడు. మా రిజిస్టర్‌లో 140 వరుసలున్నాయి, ఆ అంకె మాత్రం లేదు. ఆ వారమే లెక్కకట్టి, అతని ఎదుటి గోడమీద అంటించాం.