సివిలైజేషన్ 5లో బంగారం చాలట్లేదా? మిగులు సరుకు అమ్మేయండి

సివిలైజేషన్ 5 అనే కంప్యూటర్ గేమ్‌లో సిల్క్, ఉప్పు, వైన్ లాంటివి రెండేసి మూడేసి ఉన్నా చాలామంది ఊరికే అట్టిపెట్టుకుంటారు. ప్రజల సంతోషానికి ఒక్కో రకంలో ఒకటి ఉంటే చాలు, రెండోదాని వల్ల అదనంగా ఒరిగేదేమీ లేదు. దాన్ని కంప్యూటర్ నడిపే రాజులకు అమ్మండి. మీతో సఖ్యంగా ఉన్న రాజు ఒక్కో సరుకుకు దాదాపు 240 బంగారం ఇస్తాడు. మామూలు స్పీడులో ఒప్పందం 30 టర్నులు.

ఈ ఆటకు 2013లో అదనపు ప్యాక్‌గా వచ్చిన బ్రేవ్ న్యూ వరల్డ్‌తో ఆడుతుంటే, మొత్తం ఒకేసారి రావాలంటే ముందు స్నేహ ప్రకటన కుదరాలి. లేదంటే టర్నుకు 7 చొప్పున తీసుకోవడమే. అదీ తక్కువేం కాదు, మొదట్లో ఒక ఊరి ఆదాయమంత!

బేరానికి ముందు డిప్లొమసీ స్క్రీన్‌లో ఎవరి ఖజానా ఎంతో చూడండి. స్నేహితుడి దగ్గర 180 మాత్రమే ఉంటే 180 పుచ్చుకుని, మిగతాది టర్నుకు ఇంతని కలపండి. గడువు తీరితే ఒప్పందం దానంతటదే ఆగిపోతుంది, వెంటనే మళ్లీ అమ్మాలి.

కొన్న రాజు మధ్యలో యుద్ధానికి దిగితే సరుకు మీకు తిరిగొస్తుంది, ముందే తీసుకున్న బంగారం మీదే. అందుకే మీరు కొనేటప్పుడు మాత్రం ఎప్పుడూ టర్నుల లెక్కనే చెల్లించండి.