పూల్ టోర్నమెంట్‌కి వెళ్తున్నారా? వంగాక అనుమానం వస్తే లేవండి

విజయవాడలో టోర్నమెంట్ ఆడి, అర్ధరాత్రి దాటాక బైకు మీద గుంటూరు బయల్దేరిన ఒక కుర్రాడు పోయిన వారం కాజ టోల్ గేటు దాటాక కునుకుపట్టి డివైడర్‌ని గుద్దాడు. హెల్మెట్ ఉంది కాబట్టి తల దక్కింది. భుజం ఎముక విరిగింది, అదీ క్యూ (బాల్ కొట్టే కర్ర) పట్టే చేతివైపు. పొద్దున పదింటికి మొదటి మ్యాచ్ మొదలుపెట్టినవాడు సెమీఫైనల్ ఓడేసరికి రాత్రి ఒంటిగంట. మంగళగిరి దగ్గరే కళ్లు మూతలు పడ్డాయని తనే చెప్పాడు. అక్కడే ఆగిపోవచ్చు. "ఎలాగూ బయల్దేరాం, ఇంకెంత, అరగంటేగా" అనుకున్నాడట.

ఆ సెమీఫైనల్ చూసినవాళ్లు చెప్పింది వింటే నాకు ఇంకా బాధేసింది. ఆఖరి రాక్‌లో, అంటే ఆఖరి ఆటలో, గెలుపు తేల్చే తొమ్మిదో బాల్ మీద వంగాడు. ఏదో తేడాగా అనిపించి ఆగాడు. క్యూ నాలుగైదుసార్లు ముందుకీ వెనక్కీ ఆడించాడు, లేవకుండా అలాగే కొట్టేశాడు. బాల్ పాకెట్ అంచుకి కొట్టుకుని బయటికొచ్చింది. టేబుల్ మీద చేసిందీ రోడ్డు మీద చేసిందీ నాకు ఒకటే తప్పుగా కనిపిస్తోంది. అలిసిన బుర్రకి మొదలుపెట్టిన పని ఆపడం చేతకాదు.

పరీక్షలు అయిపోయాయి. ఇక రెండు నెలలు బెజవాడలోనూ గుంటూరులోనూ పూల్ పార్లర్లు నిండిపోతాయి, ఆదివారం వస్తే ఏదో ఒక టోర్నమెంట్ ఉంటుంది. బాగా ప్రాక్టీస్ చెయ్యండి, ముందురోజు నిద్రపోండి, కంగారుపడకండి అని నేను చెప్పక్కర్లేదు. ఆట బాగా వచ్చి కూడా సాయంత్రానికి చేతులెత్తేసేవాళ్ల కోసం రాస్తున్నాను.

అసలు తప్పు

నిలబడి ఉన్నప్పుడు ఆలోచన, వంగాక కొట్టడం. ఈ రెండింటినీ కలిపితే ఆట పోతుంది. ఏ బాల్, ఏ పాకెట్, కొట్టాక వైట్ బాల్ ఎక్కడికి రావాలి, ఎంత జోరు, సైడ్ పెట్టాలా (వైట్ బాల్ పక్కకి తిరిగేలా కొట్టాలా) వద్దా అన్నవన్నీ నిలబడే తేల్చుకోవాలి. కాళ్లు, నడుం, భుజం ఆ నిర్ణయానికి తగ్గట్టు సర్దుకుంటాయి. వంగాక "బాల్ అంచుకి కొంచెం పల్చగా తగిలిస్తే మేలేమో" అని గురి మార్చారనుకోండి, కాళ్లు పాత గురి మీదే ఉంటాయి, భుజమూ పాత గురి మీదే ఉంటుంది. మారేది మణికట్టు ఒక్కటే. క్యూ వంకరగా వెళ్తుంది. అందులో చేతి తప్పేం లేదు, లేచి మళ్లీ నిలబడకపోవడమే తప్పు.

పొద్దున పూట అందరూ లేస్తారు. ఏమాత్రం తేడా అనిపించినా లేచి, క్యూ కొనకి చాక్ రాసుకుని, బాల్ చుట్టూ తిరిగొచ్చి మళ్లీ వంగుతారు. సాయంత్రం ఆరు దాటాక చూడండి, ఒక్కడూ లేవడు. నడుం నొప్పి ఒకటి. చుట్టూ ఉన్నవాళ్లు ఏమనుకుంటారోనన్న మొహమాటం ఇంకొకటి. అన్నిటికన్నా, తొందరగా తేలిపోతే చాలన్న ఆశ. ఏళ్ల తరబడి ఆడి పేరు తెచ్చుకున్నవాళ్లు కూడా రాత్రి మ్యాచ్‌లలో ఇలాగే ఓడిపోవడం నేను చూస్తూనే ఉన్నాను. కష్టమైన బాల్ దగ్గర కాదు, కళ్లు మూసుకుని వేసే బాల్ దగ్గర.

స్నూకర్‌లో 1994 ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్ గుర్తుండే ఉంటుంది. జిమ్మీ వైట్, స్టీఫెన్ హెండ్రీ చెరో 17 ఫ్రేములు (ఆటలు) గెలిచారు. ఆఖరి ఫ్రేములో వైట్ 37-24తో ముందున్నాడు. బ్లాక్ బాల్ దాని చోట్లోనే ఉంది, తను రోజుకి ఎన్నిసార్లు వేస్తాడో లెక్కలేని బాల్. తప్పిపోయింది. హెండ్రీ వరసగా 58 పాయింట్లు కొట్టి ఫ్రేమూ కప్పూ పట్టుకుపోయాడు. అంతటి ఆటగాడికే అలాంటి బాల్ తప్పినప్పుడు, రాత్రి పదకొండింటికి మన చేతిలో ఏ బాలూ సులువు కాదు.

వంగాక అనుమానం వచ్చిందని ఎలా తెలుస్తుందని కొందరు అడుగుతారు. మీ క్యూనే చెబుతుంది. మామూలుగా మూడుసార్లు ఆడించి కొట్టేవారు ఆరోసారి కూడా ఆడిస్తున్నారంటే మీకు నమ్మకం కుదరలేదు. వైట్ బాల్‌కీ కొట్టాల్సిన బాల్‌కీ మధ్య చూపు ఒకచోట నిలవడం లేదంటే కుదరలేదు. ఆరితేరినవాళ్ల చూపు కొట్టేముందు గురి మీద మిగతావాళ్ల కన్నా ఎక్కువసేపు నిలుస్తుందని కెనడాలో జోన్ విక్కర్స్ చేసిన పరిశోధనల్లో తేలింది. తర్వాత బిలియర్డ్స్ ఆడేవాళ్లలోనూ అదే కనిపించింది. అలసట మొదట తినేసేది ఆ నిలకడనే. చేతిలో బలం తగ్గినట్టు అనిపించదు కాబట్టి బాగానే ఉన్నామనుకుంటాం.

షాట్ క్లాక్ (ఒక్కో షాట్‌కి ఇచ్చే గడువు) ఉందిగా, లేస్తే టైమ్ ఎలా అంటారా? 30 సెకన్ల క్లాక్‌లో లేచి మళ్లీ వంగడానికి ఏడెనిమిది సెకన్లు చాలు. నిలబడి తేల్చుకోవడానికి ఇరవై వాడేసుకోకుండా ఉంటే ఆ టైమ్ మిగులుతుంది. రాక్‌కి ఒక ఎక్స్‌టెన్షన్ (అదనపు టైమ్) ఇచ్చే చోట దాన్ని కష్టమైన షాట్ కోసం దాచుకోకండి, ఇలాంటప్పుడు వాడండి.

మ్యాచ్‌కీ మ్యాచ్‌కీ మధ్య

32 మందితో డబుల్ ఎలిమినేషన్ (రెండుసార్లు ఓడితేనే బయటికి) డ్రా వేశారనుకుందాం. ఓడకుండా వెళ్లేవాడు ఫైనల్ చేరడానికి 5 మ్యాచ్‌లు గెలవాలి. మొదటి మ్యాచే ఓడి లూజర్స్ వైపు (ఒకసారి ఓడినవాళ్లు ఆడే వైపు) పడినవాడు అదే ఫైనల్‌కి 8 గెలవాలి. ఓడినదాంతో కలిపి తొమ్మిది. మ్యాచ్‌కి గంట చొప్పున వేసుకున్నా తొమ్మిది గంటలు టేబుల్ దగ్గరే పోతాయి, మధ్యలో కాచుకుని కూర్చునే గంటలు వేరే. బుర్ర ఖర్చయ్యేది ఎక్కువగా ఆ కాచుకునే గంటల్లోనే.

అందుకే ఖాళీ దొరికిందని పక్క టేబుల్ మీద స్నూకర్ ఆడకండి. స్నూకర్ బాల్ 52.5 మిల్లీమీటర్లు, పూల్ బాల్ 57. బరువు వేరు, పాకెట్ వేరు, టేబుల్ పొడవు వేరు. చెయ్యి ఆ జోరుకి అలవాటుపడి తిరిగొస్తే మొదటి రెండు రాక్‌లూ సర్దుకోవడానికే పోతాయి. ముందుగా ఐదు రాక్‌లు గెలిచినవాడిదే అయిన రేస్ టు 5 మ్యాచ్‌లో రెండు రాక్‌లంటే దాదాపు సగం మ్యాచే.

పందెం కాసి ఆడకండి. కారణం చెప్పను, వద్దు.

మీ తర్వాతి ప్రత్యర్థి ఆటని మొదటి రాక్ నుంచి ఆఖరి దాకా కూర్చుని చూడాల్సిన పని లేదు. బ్రేక్ (రాక్ మొదటి షాట్) ఎలా కొడుతున్నాడు, సేఫ్టీ (ఎదుటివాడికి సులువైన బాల్ దొరక్కుండా ఆడే షాట్) ఆడతాడా, దొరికిందల్లా కొట్టేస్తాడా, ఇంతవరకు రెండు రాక్‌లలో తెలిసిపోతుంది. తెలిశాక లేచి బయటికి వెళ్లండి. మీ పేరు పిలవడానికి పది నిమిషాల ముందు చెప్పమని మార్కర్‌కి (స్కోరు రాసేవాడికి) ఒక మాట చెప్పి పెట్టుకోండి. బయటికెళ్లి ఫోన్‌లో రీల్స్ చూస్తే మాత్రం వెళ్లి లాభం లేదు. కళ్లకి కావలసింది దూరం చూడటం. మేడ మీదికి ఎక్కి ఎదురుగా ఉన్న చెట్టునో నీళ్ల ట్యాంకునో చూస్తూ నిలబడినా చాలు.

ఓడిన మ్యాచ్ గురించి ఆరోజు మాట్లాడొద్దు. ఎవరో ఒకరు వస్తారు, "అన్నా, ఆ ఐదో బాల్ సేఫ్టీ ఆడాల్సింది, ఎందుకు కొట్టావ్?" అంటూ. మంచి మనసుతోనే అడుగుతారు. "రేపు మాట్లాడుకుందాం తమ్ముడూ" అనేసి నవ్వి పక్కకి వెళ్లిపోండి. జవాబు చెప్పడం మొదలుపెడితే ఆ బాల్‌ని ఇంకో పదిసార్లు తప్పినట్టే.

తిండి, నీళ్లు, కరెంటు

మధ్యాహ్నం బిర్యానీ తిన్నవాడు మూడింటి మ్యాచ్‌కి సగం నిద్రలో వస్తాడు. రెండు ఇడ్లీ, ఒక అరటిపండు, పల్లీ చిక్కీ, గంట గంటన్నరకి కొంచెం కొంచెం. ఆకలేసేదాకా ఆగకండి, ఆకలి తెలిసేసరికి చూపు ముందే పల్చబడి ఉంటుంది. మిరపకాయ బజ్జీలు మ్యాచ్ అయ్యాకే. నూనె వేళ్లకంటితే క్యూ జారదు, పట్టేస్తుంది. రుమాలుతో తుడిస్తే పోదు, సబ్బుతో కడుక్కోవాలి.

రోహిణి కార్తె ఎండలోంచి వచ్చి ఏసీలో కూర్చుంటే దాహం తెలియదు. ఒంట్లో నీళ్లు మాత్రం తగ్గుతూనే ఉంటాయి, కాస్త తగ్గినా ముందు దెబ్బతినేది ఏకాగ్రతే. ఉప్పేసిన మజ్జిగ తెచ్చుకోండి. ఓఆర్‌ఎస్ తాగేటట్టయితే లీటరుకి కలపాల్సిన ప్యాకెట్‌ని లీటరు నీళ్లలోనే కలపండి, గ్లాసులో సగం ప్యాకెట్ పోసుకోవద్దు.

ఎనర్జీ డ్రింకుల గురించి గట్టిగా చెప్పాలి. 250 మిల్లీలీటర్ల డబ్బాలో సుమారు 75-80 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. అందులో సగం ఒంట్లోంచి పోవడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది. నాలుగింటికి ఒకటి, ఏడింటికి ఒకటి, పదింటికి ఒకటి తాగినవాడి ఒంట్లో అవన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. నిద్ర రాదు నిజమే, చెయ్యి సన్నగా వణుకుతుంది. బ్రేక్‌లో ఆ వణుకు కనపడదు. మెల్లగా తోయాల్సిన సేఫ్టీ దగ్గర కనపడుతుంది. సాయంత్రం ఒక టీ తాగండి, అక్కడితో ఆపండి.

కరెంటు పోయి జనరేటర్ మీద ఫ్యాన్లు మాత్రమే తిరుగుతుంటే టేబుల్ మారిపోతుందని గుర్తుపెట్టుకోండి. మన ఊళ్లలో గాలిలో తేమ ఎక్కువ, ఏసీ ఆగిన కాసేపటికే టేబుల్ మీది బట్ట చెమ్మగిల్లి బాల్ నెమ్మదిస్తుంది. పొద్దున్నించి అలవాటైన జోరు సరిపోదు. బాల్ పొట్టిగా ఆగిపోతుంటే "ఈరోజు నా చెయ్యి బాగోలేదు" అనుకుని లోపల్లోపల కుంగిపోతారు. చెయ్యి బాగానే ఉంది. మారింది బట్ట.

ఇక మిగిలినవి వరసగా రాసేస్తున్నాను.

మూడు ఫౌళ్ల నియమం ఉందో లేదో మ్యాచ్‌కి ముందే అడగండి. నైన్‌బాల్‌లో మధ్యలో ఒక్క సరైన షాట్ లేకుండా మూడు ఫౌళ్లు చేస్తే ఆ రాక్ పోతుంది. రెండోది అయ్యాక హెచ్చరించాలి. అలిసినవాడు తన లెక్కా మర్చిపోతాడు, ఎదుటివాడి లెక్కా మర్చిపోతాడు.

ఎయిట్‌బాల్‌లో బ్లాక్ బాల్ (ఎనిమిదోది) ఏ పాకెట్‌లో వేస్తారో ముందే చెప్పాలా అన్నదీ ముందే తేల్చుకోండి. చెప్పాల్సి వస్తే నోటితో చెప్పండి, తల ఊపితే కాదు.

ప్రతి షాట్‌కీ చాక్ రాయండి. రాస్తూ ఆలోచించండి. చాక్ కింద పెట్టేసరికి ఆలోచన అయిపోవాలి.

వంగాక అనుమానం వస్తే లేవండి.

ఎదుటివాడు వరసగా వేసుకుంటూ పోతుంటే తప్పితే బాగుండని కుర్చీలో కోరుకుంటూ కూర్చోకండి. బుర్ర అలిసేది అక్కడే. కాళ్లు నేలమీద ఆనించి, భుజాలు వదులుచేసి, ఊపిరి మెల్లగా వదలండి. తప్పితే లేవాల్సింది మీరే.

ముందంజలో ఉన్నామని సడలకండి. అదే జిమ్మీ వైట్, అదే హెండ్రీ, 1992 ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్: వైట్ 14-8తో ముందున్నాడు. ఆ తర్వాతి పది ఫ్రేములూ హెండ్రీవే. 18-14.

స్కోరు పలక వైపు పదేపదే చూడకండి.

ప్రత్యర్థి నెమ్మదిగా ఆడుతున్నాడని విసుక్కోకండి. మీరు తొందరపడాలనే కొందరు అలా ఆడతారు.

అమ్మో నాన్నో ఫోన్ చేస్తే మ్యాచ్‌లు ఎప్పటికి అవుతాయో నిజం చెప్పండి. "వచ్చేస్తున్నా" అని అబద్ధం చెప్పినవాడు ఆ తర్వాత ప్రతి షాట్‌కీ గడియారం చూసుకుంటాడు.

మధ్యలో మందు ముట్టొద్దు. బీరు కూడా మందే.

రాత్రి బండి నడపొద్దు. గంటకి అరవై మీద వెళ్తూ మూడు సెకన్లు కునుకు పడితే బండి యాభై మీటర్లు దానంతటదే పోతుంది. తెల్లవారుజామున రెండు నుంచి ఐదు దాకా ఒళ్లు నిద్రకే లాగుతుంది, టీ తాగినా లాగుతుంది. విజయవాడలోని పండిట్ నెహ్రూ బస్టాండ్‌కి వెళ్లి బస్సెక్కండి, బండి మర్నాడు తెచ్చుకోవచ్చు. లేదా స్నేహితుల ఇంట్లో పడుకోండి. బయల్దేరాక కళ్లు మూతలు పడితే బండి ఆపండి. ఎంత దూరం వచ్చారన్నది లెక్కలోకి రాదు.

లేవండి. సిగ్గుపడకండి. ఒకే షాట్‌కి మూడుసార్లు లేవాల్సి వచ్చినా లేవండి. మూడోసారి కూడా కుదరకపోతే ఆ షాట్ మీది కాదు, సేఫ్టీ ఆడండి.

టోర్నమెంట్ పెట్టేవాళ్లకీ ఒక మాట. రాత్రి పదకొండు తర్వాత కొత్త రౌండ్ మొదలుపెట్టకండి. ఇద్దరు టేబుల్ ఖాళీ లేక ఆగిపోయారంటే ఆ తప్పు డ్రాది, వాళ్లది కాదు. 32 ఎంట్రీలకి రెండే టేబుళ్లు ఉంటే రెండు రోజులు పెట్టండి, లేదా డబుల్ ఎలిమినేషన్ మానేసి నాకౌట్ పెట్టండి. బయటి ఊరి నుంచి వచ్చినవాళ్ల పేర్ల పక్కన గుర్తుపెట్టుకుని వాళ్ల మ్యాచ్‌లు ముందు ఆడించండి. ఆట ఆపే గంట ఎంతో డ్రా కాగితం మీదే రాసి, పొద్దున్నే గోడకి అతికించండి.