స్కూబా కోర్సుకు డబ్బు కట్టే ముందు

వానలు తగ్గాక అండమాన్ సీజన్ మొదలవుతుంది. హైదరాబాద్‌లో స్కూబా (గాలి సిలిండర్‌తో నీటి అడుగున ఈదడం) పూల్ క్లాసులు పూర్తి చేసి, సముద్రంలో డైవ్‌లకు అక్కడికి వెళ్దామనుకునేవాళ్లు ఇవి చూసుకోండి.

– ఆస్తమా లాంటి జబ్బులున్నాయా అని అడిగే మెడికల్ ఫారం చేతికిచ్చి "అన్నిటికీ నో పెట్టేయండి" అనే చోట అస్సలు చేరకండి. 10 మీటర్ల లోతు నుంచి పైకి వచ్చేసరికి ఒంట్లోని గాలి ఉబ్బి రెండింతలవుతుంది. ఆస్తమా వల్ల ఊపిరితిత్తుల్లో గాలి చిక్కుకుంటే అది వాటిని చీల్చగలదు. డాక్టర్ సంతకం తెమ్మని వెనక్కి పంపేవాళ్లనే నమ్మండి.

– పాడీ (PADI, డైవింగ్ సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థ) ఇన్‌స్ట్రక్టరైతే నంబరు అడిగి, ఆ సంస్థ వెబ్‌సైట్‌లో చూడండి. చేతిలో పాత కార్డు ఉన్నంత మాత్రాన ఇప్పుడు నేర్పే అర్హత ఉన్నట్టు కాదు.

– ఒక్కరోజు 'డిస్కవర్ స్కూబా'తో సర్టిఫికెట్ రాదు. ఓపెన్ వాటర్ కోర్సే తీసుకోండి: 4 డైవ్‌లు, 18 మీటర్ల వరకు.

– గ్రూపులో ఎంతమంది? పాడీ పరిమితి ఒక ఇన్‌స్ట్రక్టర్‌కు 8 మంది. నలుగురైతే ఇంకా మంచిది. మాస్కులోకి నీళ్లొచ్చి మీరు కంగారుపడితే, ఆయన చెయ్యి వెంటనే అందాలి.

– కోర్సులో 200 మీటర్లు ఈదాలి, 10 నిమిషాలు తేలాలి. ఈత ఇక్కడే నేర్చుకుని వెళ్లండి.

– చివరి డైవ్ తర్వాత కనీసం 18 గంటలు ఆగి విమానం ఎక్కండి. ఒంట్లో మిగిలిన నైట్రోజన్ బుడగలు కట్టే ప్రమాదం ఉంది.