కెమెరా పట్టని చేతులకు ఫొటోగ్రఫీ నేర్పాలంటే

మొదటి రోజు కెమెరా బయటికి తీయకండి. బ్యాగులో ఉందని పిల్లలకు తెలిసిపోయినా సరే, తీయకండి. అది కనబడిందంటే వాళ్ళ ధ్యాసంతా బటన్ల మీదికి పోతుంది. ముందు వాళ్ళు చూడాల్సింది వెలుతురుని.

నాది పెళ్ళిళ్ళ ఫొటోలు తీసే పని. ముహూర్తాలు లేని ఆదివారాల్లో పోచంపల్లి చుట్టుపక్కల చేనేత ఊళ్ళలో ఆరు, ఏడు, ఎనిమిదో తరగతి పిల్లలకు ఫొటోగ్రఫీ నేర్పుతుంటాను. వీళ్ళలో చాలామందికి ఇంట్లో ఫోన్ ఉన్నా అది నాయిన జేబులోనే ఉంటుంది. తమను ఎవరో ఫొటో తీయడమే తప్ప తాము తీసింది లేదు. అలాంటి పిల్లల దగ్గర నాకు పనికొచ్చిన పద్ధతి చెబుతాను.

బడిలో ఒక గదిని చీకటి చేయండి. క్లాసు ఉదయం పూట అయితే పడమటి కిటికీ ఉన్న గది తీసుకోండి. అప్పుడు ఆ కిటికీకి ఎదురుగా ఉన్నవాటి మీద ఎండ నిండుగా పడుతుంటుంది. కిటికీలకు, తలుపు సందులకు నల్ల చార్టు గానీ నల్ల కవరు గానీ అంటించి, పడమటి కిటికీకి మాత్రం బొటనవేలి గోరంత రంధ్రం పెట్టండి. రంధ్రానికి నాలుగైదు అడుగుల దూరంలో ఇద్దరు పిల్లలు తెల్ల పంచె చాపి పట్టుకోవాలి. తలుపేసిన కాసేపటి వరకూ ఏమీ కనబడదు. కళ్ళు చీకటికి అలవాటు పడటానికి ఐదు పది నిమిషాలు పడుతుంది. ఈలోపు అల్లరి ఖాయం, కోప్పడకండి. తర్వాత పంచె మీద అడుగున ఆకాశం తెల్లగా తేలుతుంది. దానిపైన చెట్టు కొమ్మలు, ఆపైన వీధి, అన్నీ తలకిందులుగా, రంగులతో సహా కనిపిస్తాయి. ఎవరో ఒకరు సైకిల్ మీద అటుగా పోతారు. "సార్, మనిషి తలకిందులు పోతున్నడు!" అని గదంతా కేకలే.

ఆ కేకలు చల్లారకముందే కారణం చెప్పేయండి. వెలుతురు తిన్నగా పోతుంది. చెట్టు కొసనుంచి వచ్చింది రంధ్రంలోంచి దూరి కిందికి దిగుతుంది, మొదలునుంచి వచ్చింది పైకి ఎక్కుతుంది. తర్వాత రంధ్రాన్ని కాస్త పెద్దది చేసి చూపించండి. బొమ్మ వెలుగుతుంది కానీ అంచులు అలుక్కుపోతాయి. చిన్నది చేస్తే బొమ్మ తేటపడుతుంది కానీ వెలుగు తగ్గుతుంది. కెమెరాలో వెలుతురు దూరే రంధ్రాన్ని అపర్చరు అంటారు, ఆ మాట ఇప్పుడు ఎత్తక్కర్లేదు. కొన్నేళ్ళ తర్వాత ఎవరైనా ఎత్తినప్పుడు వీళ్ళకు ఆ పంచె గుర్తొస్తే చాలు.

రెండో పాఠం గడప దగ్గర. ఒక పిల్లను గడప మీద వీధి వైపు తిప్పి కూర్చోబెట్టండి. ముఖమంతా వెలుగు. పక్కకు తిరగమంటే ముక్కుకు అటువైపు నీడ పడుతుంది. లోపలికి తిరిగితే జుట్టు అంచు మాత్రమే మెరుస్తుంది. నీడ ఉన్న వైపు ఎవరైనా తెల్ల పంచె పట్టుకుంటే ఆ నీడ కొంచెం పలచబడుతుంది. లక్షల రూపాయల పెళ్ళిళ్ళలో మేం వెలుతురును మెత్తబరిచే గొడుగులు, లైట్లు మోసుకెళ్ళి చేసేది ఇదే. మిట్టమధ్యాహ్నం ఎండలో అదే పిల్లను నిలబెడితే కళ్ళు గుంటల్లోకి పోయినట్టు కనబడతాయి, అది కూడా చూడనివ్వండి. ఆ తర్వాత ఇంటికి పంపి, మగ్గం ఏ కిటికీ పక్కన ఉందో, నాయిన చేతుల మీద వెలుతురు ఏ వైపునుంచి పడుతోందో చూసి రమ్మనండి. మగ్గాల ఇళ్ళ పిల్లలు ఈ ప్రశ్నకు చెప్పినంత బాగా ఎవరూ చెప్పలేరు.

ఫ్రేము నేర్పడానికి పాత పెళ్ళి శుభలేఖ చాలు. అట్ట మధ్యలో మూడంగుళాల పొడవు, రెండంగుళాల వెడల్పుతో కిటికీ కోసి, ఒక కన్ను మూసుకుని అందులోంచి చూడమనండి. కంటికి దగ్గరగా పెడితే వీధంతా పడుతుంది, చెయ్యి చాపితే ఒక్క తలుపే పడుతుంది. జూమ్ అంటే ఏమిటో అక్కడే తెలిసిపోతుంది. ఈ అట్టతో ఊరంతా తిరిగి, నచ్చిన చోట ఆగి, మూలల్లో అక్కర్లేనివి ఏమున్నాయో పైకి చెప్పాలి. బకెట్టు, కరెంటు తీగ, ఎవరిదో సగం చెయ్యి. మూలలు చూడటం అలవాటైన పిల్లకు తర్వాత నేర్పాల్సింది తక్కువే.

ఇప్పుడు కెమెరా. ఖరీదైనది అక్కర్లేదు. సిమ్ తీసేసి ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టిన పాత ఫోన్లు చాలు, నలుగురికి ఒకటి. ముందు లెన్సు తుడవడం నేర్పండి. వేలి జిడ్డున్న లెన్సుతో ఒకటి, నూలు గుడ్డతో తుడిచాక ఒకటి తీసి పక్కపక్కన చూపిస్తే జన్మలో మరచిపోరు. మోచేతులు పక్కటెముకలకు ఆనించాలి, ఊపిరి మెల్లగా వదులుతూ నొక్కాలి. తెర మీద ఏది స్పష్టంగా రావాలో దాన్ని వేలితో తాకి, పక్కన వచ్చే గీతను జరిపి వెలుతురు తగ్గించాలి. జూమ్ మాత్రం వద్దు. ఫోన్‌లో వేళ్ళతో సాగదీస్తే చాలా ఫోన్లు బొమ్మను కత్తిరించి పెద్దది చేస్తాయి, అంతే. దగ్గరికి నడవమనండి.

ఒక్కొక్కరికి 12 ఫొటోలే. పాత రీలులో 36 వచ్చేవి, అందులో మూడో వంతు. తీసింది చెరపకూడదు. పిల్లలు గొణుగుతారు, అయినా సడలించకండి. లెక్క ఉన్నప్పుడే నొక్కేముందు ఆగుతారు.

ఏం తీయాలో చెప్పకపోతే అందరూ స్నేహితులను గోడకు నిలబెట్టి తీసుకొస్తారు. అందుకే చిన్న పని ఒకటి ఇస్తాను. "మీ ఇంట్లో చప్పుడు చేసేవి", "మేకపిల్ల ఎత్తునుంచి మీ వీధి", "ముఖం లేకుండా మీ అమ్మ". ఈ చివరిదానికి ఒక ఏడో తరగతి పిల్ల ఆసు పోస్తున్న, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ చుడుతున్న అమ్మ చేతిని తీసుకొచ్చింది. మేకుల చుట్టూ తిరుగుతున్న చెయ్యి చెదిరిపోయి పొగలా ఉంది, మేకులూ దారమూ మాత్రం గీత గీసినట్టున్నాయి. ఇంట్లో వెలుతురు తక్కువ కాబట్టి ఫోన్ దాన్ని ఎక్కువసేపు పోగేసుకుంది, ఆ కాసేపట్లో కదిలింది చెదిరింది, కదలనిది నిలిచింది. "ఖరాబైంది సార్" అంది. ఆ రోజు క్లాసంతా ఆ ఒక్క ఫొటో మీదే నడిపాను. రోజంతా అమ్మ చెయ్యి ఎంత తిరుగుతుందో అందులో ఉంది.

ఆడపిల్లల సంగతి విడిగా చెప్పాలి. నలుగురికి ఒక ఫోన్ ఇస్తే అది మగపిల్లల చేతుల్లోనే తిరుగుతుంది. మొదటి వంతు ఆడపిల్లలకే అని ముందే చెప్పేయండి. నిజాం దగ్గర ఫొటోగ్రాఫర్‌గా ఉన్న రాజా దీన్‌దయాళ్ 1892లోనే హైదరాబాద్‌లో ఆడవాళ్ళ కోసం విడిగా స్టూడియో తెరిచాడని, అందులో ఫొటోలు తీసింది కూడా ఒక మహిళేనని నేను చెబుతుంటాను. వినగానే వాళ్ళ కూర్చునే తీరే మారిపోతుంది.

అడగకుండా ఎవరి ఫొటోనూ తీయకూడదు. ఇది మొదటి రోజునుంచీ నియమం. వద్దన్న అవ్వకు దండం పెట్టి వచ్చేయాలి. మీరు కూడా తల్లిదండ్రులను అడిగే క్లాసు మొదలుపెట్టండి. పిల్లల ముఖాలున్న ఫొటోలు వాట్సాప్ స్టేటస్‌లోకి, ఇన్‌స్టాగ్రామ్‌లోకి ఎక్కించకండి, ఎంత ముచ్చటగా ఉన్నా సరే.

చివరిగా, ఫొటోలు ప్రింటు వేయించండి. ఒక్కొక్కరి 12లో వాళ్ళే ఎంచుకున్న రెండు, 4×6 సైజులో. తెర మీద వేలితో తోసేసే బొమ్మను పిల్లలు చూడరు, చేతిలో ఉన్నదాన్ని తిప్పి తిప్పి చూస్తారు. అన్నీ నేల మీద పరిచి చుట్టూ కూర్చోబెట్టండి. "బాగుందా?" అని అడగకండి, "ఏం కనిపిస్తోంది?" అని అడగండి. తీసినవాళ్ళు ఆఖరున మాట్లాడాలి. ఫస్ట్ ప్రైజు, సెకండ్ ప్రైజు పెట్టకండి. పెట్టారంటే తర్వాతి వారం అందరూ గెలిచిన ఫొటోనే మళ్ళీ తీసుకొస్తారు.

ప్రతి ప్రింటు రెండేసి కాపీలు వేయించండి. ఒకటి తీసిన పిల్లది, ఇంకోటి ఫొటోలో ఉన్నవాళ్ళది. అది పిల్లలే వెళ్ళి ఇచ్చి రావాలి. రెండోసారి ఆ ఇంటికి కెమెరా పట్టుకుని వెళ్ళినప్పుడు తలుపు తీసేది ఆ కాపీ వల్లే.