ఏపీఓ అడ్రసుకి చెక్కలు, ఉత్తరాలు: విదేశాల్లో డ్యూటీలో ఉన్న మన పిల్లలకి పార్సిల్ పంపడం ఎలా

మన వాళ్ల పిల్లలు అమెరికా సైన్యంలో చేరడం ఒకప్పుడు వింత. ఇప్పుడు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో నలుగురు తెలుగువాళ్లు కలిసిన చోట ఎవరో ఒకరు "మా వాడు ఆర్మీలో ఉన్నాడండీ, కువైట్ వేశారు" అనడం వింటున్నాం. ఆ వెంటనే వచ్చే ప్రశ్న, ఏమన్నా పంపొచ్చా అని. నిక్షేపంగా పంపొచ్చు. అమెరికాలోనే ఇంకో ఊరికి పంపితే ఎంత అవుతుందో అంతే అవుతుంది. మా అక్క కొడుకు అటు వెళ్లిన దగ్గర్నుంచి మా ఇంట్లో ఈ పార్సిళ్ల పని నా మీదే పడింది కాబట్టి తెలిసినవన్నీ ఒకచోట రాస్తున్నాను.

ముందు అడ్రసు సంగతి, ఎందుకంటే అందరూ తికమకపడేది అక్కడే. వాడు ఉన్నది కువైట్ అయినా, జర్మనీ అయినా, కొరియా అయినా ఆ దేశం పేరు పెట్టె మీద ఎక్కడా రాయకూడదు. రాశారా, అది ఆ దేశపు మామూలు తపాలాలోకి పోయి ఎక్కడో తిరుగుతుంది. సైన్యానికి సొంత తపాలా వ్యవస్థ ఉంది: ఆర్మీ, ఎయిర్‌ఫోర్స్ వాళ్లకి ఏపీఓ, నేవీ ఓడల వాళ్లకి ఎఫ్‌పీఓ, ఎంబసీల్లో ఉండేవాళ్లకి డీపీఓ. ఊరి పేరు రాసే గడిలో ఈ మూడక్షరాలు రాస్తారు, రాష్ట్రం గడిలో ఏఈ, ఏపీ, ఏఏ అనే మూడింటిలో ఒకటి ఉంటుంది. ఏఈ అంటే యూరప్, మధ్యప్రాచ్యం, ఆఫ్రికా. ఏపీ అంటే జపాన్, కొరియా వైపు పసిఫిక్ (ఆంధ్రప్రదేశ్ అనుకుని మా అక్క కాసేపు మురిసిపోయింది). ఏఏ అంటే దక్షిణ అమెరికా వైపు. తర్వాత మామూలు జిప్ కోడ్‌లాగే అయిదంకెలు, ఏఈ వాటికి 09తో మొదలవుతుంది, ఏపీ వాటికి 96తో. పైన పూర్తి పేరు, దాని కింద యూనిట్ నంబరు, బాక్స్ నంబరు. ముద్దుపేర్లు పనికిరావు, బ్యాడ్జీ మీద ఏ పేరు ఉందో అదే రాయాలి. మన వాళ్ల ఇంటిపేర్లు పాస్‌పోర్టులో ఒకలా, ఇంట్లో ఒకలా ఉంటాయి కాబట్టి అడ్రసు మొత్తం వాడినే టైపు చేసి పంపమనండి, ఫోన్‌లో విని రాసుకోవద్దు.

ఇక తీసుకెళ్లేది యూఎస్‌పీఎస్, అంటే ప్రభుత్వ పోస్టాఫీసే. యూపీఎస్, ఫెడెక్స్ లాంటివాళ్లు మామూలుగా ఈ అడ్రసులకి తీసుకెళ్లరు, వాళ్ల దగ్గర క్యూ కట్టకండి. పోస్టాఫీసులో ప్రయారిటీ మెయిల్ ఫ్లాట్ రేట్ పెట్టెలు ఉచితంగా ఇస్తారు. వాటిలో ఏపీఓ, ఎఫ్‌పీఓ అని అచ్చేసిన పెద్ద పెట్టె ఒకటి ప్రత్యేకంగా ఉంటుంది, మామూలు పెద్ద పెట్టె కంటే దాని రేటు తక్కువ. అడిగితేనే లోపల్నుంచి తెచ్చిస్తారు, కాబట్టి అడగండి. 70 పౌండ్లు దాటకపోతే, అంటే దాదాపు 32 కిలోల వరకూ, ఎంత కుక్కినా అదే రేటు. మిలిటరీ కేర్ కిట్ అని పెట్టెలు, టేపు, లేబుళ్లు, కస్టమ్స్ కాయితాలు పెట్టుకునే కవర్లు అన్నీ కలిపి ఉచితంగా ఇంటికే పంపే పద్ధతి కూడా ఉంది, యూఎస్‌పీఎస్ వెబ్‌సైట్లో ఆర్డర్ పెట్టుకోవచ్చు. తరచూ పంపేవాళ్లకి అదే హాయి.

కస్టమ్స్ ఫారం అంటే చాలామందికి టెన్షన్. లోపల ఏముంది, ఎన్ని ఉన్నాయి, ఎంత బరువు, ఎంత విలువ, ఇంతే. వెబ్‌సైట్లో నింపి ప్రింటు తీసుకోవచ్చు, లేదంటే పోస్టాఫీసులో 2976-ఆర్ అనే ఫారం నింపి ఇస్తే కౌంటర్లో వాళ్లే కంప్యూటర్లో ఎక్కిస్తారు. అందులో "చేగోడీలు", "కారప్పొడి" అని రాస్తే ఎవరికీ అర్థం కాదు, అలాగని "గిఫ్ట్" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నా కుదరదు. ఎండు బియ్యప్పిండి స్నాక్స్ రెండు ప్యాకెట్లు, వంట మసాలా పొడి ఒక ప్యాకెట్, మేజోళ్లు ఆరు జతలు అన్నట్టు ఇంగ్లీషులో సాదాగా రాయండి. డెలివరీ కాకపోతే ఏం చెయ్యాలి అని ఒక చోట అడుగుతారు, వెనక్కి పంపమని టిక్ పెట్టడం మర్చిపోవద్దు.

లోపల ఏం పెట్టాలన్నది వాడు ఉన్న చోటుని బట్టి ఉంటుంది. జర్మనీలోనో కొరియాలోనో పెద్ద బేస్‌లో ఉన్నవాడికి టూత్‌పేస్టు, సబ్బులు, షాంపూ పంపడం దండగ, ఆ బేస్‌లోనే అమెరికా సరుకులు అమ్మే దుకాణాలు ఉంటాయి. అమెజాన్‌వాళ్లు కూడా చాలా వస్తువులు నేరుగా ఏపీఓకి పంపుతారు. ఎడారిలో చిన్న క్యాంపులో ఉన్నవాడి సంగతి వేరు: మంచి మేజోళ్లు, పెదాలకి రాసుకునే బామ్, తడి టిష్యూలు, పాదాలకి పౌడరు, నీళ్లలో కలుపుకునే నిమ్మరసం పొడి (వేడెక్కిన బాటిల్ నీళ్లు తాగీ తాగీ నోరు చచ్చిపోతుందట), ఇవి బంగారం. వేడినీళ్లు దొరుకుతాయా, మైక్రోవేవ్ ఉందా, ముందే అడగండి. ఉంటే నీళ్లు పోస్తే తయారయ్యే ఉప్మా, అటుకుల కప్పులు పంపొచ్చు. లేకపోతే నేరుగా నోట్లో వేసుకునేవే.

నా ఉద్దేశంలో పెట్టెలో ముప్పాతిక భాగం ఇంటి రుచులే ఉండాలి, మిగతావి ఎవరైనా పంపగలరు. అయితే మన పిండివంటలన్నీ ప్రయాణానికి ఆగవు. రెండు మూడు వారాలు దారిలో ఉంటుంది, కువైట్ వేసవిలో 50 డిగ్రీల ఎండలో ఏ ఇనుప కంటైనర్లోనో కూర్చుంటుంది. సున్నుండలు నెయ్యి కారి ముద్దయిపోతాయి, చాక్లెట్ పూసిన ఏ వస్తువైనా అంతే, పల్లీపట్టీ మెత్తబడి కాగితానికి అంటుకుంటుంది. చెక్కలు, జంతికలు, చేగోడీలు, కారప్పూస, వేయించిన పల్లీలు బ్రహ్మాండంగా ఆగుతాయి. సున్నుండలు, అరిసెలు చలికాలానికి దాచుకోండి. పచ్చళ్లు పంపాలంటే గాజు సీసా వద్దు. కంపెనీ సీలు వేసిన ప్లాస్టిక్ పౌచ్ తీసుకుని, దాన్ని ఒక జిప్‌లాక్ కవర్లో, దాన్ని మళ్లీ ఇంకో జిప్‌లాక్‌లో పెట్టి మధ్యలో పేపర్ టవల్ చుట్టండి. ఆవకాయ నూనె ఒక్కసారి బయటికొస్తే పెట్టెలో ఉన్న మేజోళ్ల దగ్గర్నుంచి ఉత్తరాల దాకా అన్నీ ఎర్రగా అయిపోతాయి, నూనె కారే పెట్టెని మధ్యలోనే పక్కన పడేసినా ఆశ్చర్యం లేదు.

పొడుల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కందిపొడి, కరివేపాకు పొడి ఇంట్లో కొట్టినవే రుచిగా ఉంటాయి, ఒప్పుకుంటాను. కానీ పేరూ ఊరూ లేని కవర్లో పొడి కనిపిస్తే సైన్యం తపాలాలో ఎవరైనా ఉలిక్కిపడతారు. 2001లో అమెరికాలో ఆంత్రాక్స్ అనే ప్రాణాంతక వ్యాధి క్రిములున్న పొడి పెట్టిన ఉత్తరాలు వచ్చిన దగ్గర్నుంచీ ఆ భయం అలాగే ఉంది. అంతకుముందు పేరు తెలియకపోయినా "ఎవరైనా ఒక సైనికుడికి" అని రాసి పంపే పద్ధతి ఉండేది, దాన్ని కూడా అప్పుడే ఆపేశారు. అందుకే షాపులో కొన్న, లేబులు ఉన్న, సీలు విప్పని ప్యాకెట్లే పెట్టండి. అమ్మ చేతి కందిపొడి సెలవుకి వచ్చినప్పుడు తింటాడు.

ఇప్పుడు చెప్పేది మన ఇళ్లలో చాలామందికి తెలియదు: గసగసాలు వద్దు. 2023 ఫిబ్రవరిలో అమెరికా రక్షణ శాఖ గసగసాలకి దూరంగా ఉండమని తమ సైనికులందరినీ హెచ్చరించింది. కొన్ని గసగసాల్లో కొడీన్ అనే మత్తు పదార్థం ఎక్కువగా ఉండి, తిన్నవాళ్ల మూత్ర పరీక్షలో మత్తుమందు తీసుకున్నట్టు తేలే ప్రమాదం ఉందని కారణం చెప్పింది. మనమేమో అరిసెల మీద అద్దుతాం, మసాలా నూరేటప్పుడు వేస్తాం. వాడికి పంపే అరిసెలకి నువ్వులే అద్దండి, మసాలా ప్యాకెట్ వెనక గసగసాలు ఉన్నాయేమో చదవండి. పాపం పిల్లాడి ఉద్యోగం మీదికి తేవద్దు. హెంప్, సీబీడీ (గంజాయి జాతి మొక్క నుంచి తీసేవి) అని రాసి ఉన్న నూనెలు, బిళ్లలు అమెరికా దుకాణాల్లో బాహాటంగా దొరికినా సైనికులు వాడకూడదు. ఒళ్లు నొప్పులకనో నిద్ర పట్టడానికనో ఊరి నుంచి తెప్పించిన చూర్ణాలు, లేహ్యాలు కూడా వద్దు. సైనికులు వాడకూడని పదార్థాల జాబితా ఒకటి ఉంది, ఆ డబ్బాలో ఏం కలిపారో మనకే తెలియదు.

మిగతా నిషేధాలు మామూలువే. సారా, బీరు కుదరవు. సెంట్లు, స్ప్రే డబ్బాలు, గోళ్ల రంగు మంటంటుకునేవి కాబట్టి వద్దు. తాజా పళ్లు, కూరగాయలు వద్దు. మధ్యప్రాచ్యంలో చాలా చోట్లకి పందిమాంసం కలిసినవేవీ వెళ్లవు. మతానికి సంబంధించిన వస్తువులు సొంతానికి ఒకటో రెండో అయితే ఫర్వాలేదు, జేబులో పట్టే హనుమాన్ చాలీసానో చిన్న బైబిలో పెట్టొచ్చు, కట్టలు కట్టలుగా పంచిపెట్టడానికి పంపకూడదు. లిథియం బ్యాటరీలకి బోలెడు నియమాలు, పవర్ బ్యాంక్ పంపాలనిపిస్తే ముందు కౌంటర్లో అడగండి. ఒక్కో ఏపీఓ జిప్ కోడ్‌కి ఏవి వెళ్లవో యూఎస్‌పీఎస్ జాబితాలో ఉంటుంది, మొదటి పెట్టె కట్టేముందు ఒకసారి చూస్తే చాలు.

సర్దడం కూడా ఒక కళే. సబ్బులు, వాసన వచ్చే టిష్యూలు ఒక పెట్టెలో, తిండి ఇంకో పెట్టెలో పెట్టండి. కలిపితే జంతికలు సబ్బు రుచి వస్తాయి, ఎన్ని కవర్లు చుట్టినా వస్తాయి. చిప్స్ వచ్చే పొడుగు గొట్టం డబ్బాలు పారెయ్యకండి, చెక్కలు వాటిలో ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన టిష్యూ కుక్కి మూత పెడితే ఒక్కటి కూడా విరగదు. ఖాళీల్లో న్యూస్‌పేపర్ బదులు మేజోళ్లు దూర్చండి. అంతా అయ్యాక పెట్టె మూసి చెవి దగ్గర పెట్టుకుని ఊపండి, లోపల గలగలమంటే మళ్లీ విప్పి సర్దాల్సిందే. మూసే ముందు లోపల ఒక కాయితం మీద వాడి అడ్రసు, మీ అడ్రసు రాసి పెట్టండి, పైన లేబులు ఊడినా దారి దొరుకుతుంది. ఇంకొకటి, వాడొక్కడే తినడు. పెట్టె విప్పగానే పక్క మంచాలవాళ్లంతా చేరతారు, కాబట్టి కారం తక్కువ వేసినవి ఒక రెండు ప్యాకెట్లు వాళ్ల కోసం వేరే పెట్టండి. గుంటూరు కారం వాళ్ల మీద ప్రయోగించడం వాడి ఇష్టం.

ఉత్తరాల మాటకొస్తే, వాట్సాప్ వీడియో కాల్ ఉండగా ఉత్తరం ఎందుకు అని అడుగుతారు. సిగ్నల్ లేని చోట, ఫోన్లు తీసేసుకున్న రోజుల్లో, జేబులోంచి తీసి మళ్లీ చదువుకోవడానికి కాయితమే పనికొస్తుంది. అమెరికా నుంచైతే మామూలు దేశీయ స్టాంపు చాలు. ప్రతి ఉత్తరం మీద తేదీ, వరస నంబరు వెయ్యండి, మూడోది ముందొచ్చి మొదటిది తర్వాత రావడం మామూలే. పెద్ద విశేషాలు అక్కర్లేదు. పెరట్లో కరివేపాకు చెట్టు మంచుకి ఎండిపోయిందని, చెల్లెలు డ్రైవింగ్ టెస్టులో రెండోసారి కూడా తప్పిందని, బాబాయ్ మళ్లీ కారు మార్చాడని, ఇలాంటివే వాడికి కావాలి. మీ బెంగంతా కాయితం మీద పెట్టకండి, అక్కడ వాడు దానికి ఏం చెయ్యలేడు. అమ్మమ్మ తెలుగులో నాలుగు లైన్లు రాస్తే, వాడికి చదవడం సరిగ్గా రాకపోయినా, అలాగే పంపండి, కూడబలుక్కుని చదువుకుంటాడు. పెద్దవాళ్లు ఇండియాలో ఉంటే ఉత్తరాలు, పిండివంటలు అమెరికా వచ్చే చుట్టాల చేత మీకు పంపించి, ఇక్కణ్నుంచి మీరు పోస్టు చెయ్యడం అన్నిటికంటే తేలిక. అటునుంచి జవాబు రాయడానికి పెట్టెలో నాలుగు కవర్లు, కాయితాలు, పెన్ను పెట్టండి. యుద్ధ ప్రాంతంగా ప్రకటించిన చోట ఉన్నవాళ్లకి స్టాంపు కూడా అక్కర్లేదు, కవరు మీద కుడివైపు పైన చేత్తో "ఫ్రీ మెయిల్" అని ఇంగ్లీషులో రాస్తే ఉత్తరం ఉచితంగా వచ్చేస్తుంది.

ఒక జాగ్రత్త. వాడి యూనిట్ ఎక్కడుంది, ఎప్పుడు కదులుతుంది, ఎప్పుడు తిరిగొస్తుంది, ఇవి ఫేస్‌బుక్‌లో పెట్టకండి, అడ్రసుని అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో వెయ్యకండి. ఎవరికైనా కావాలంటే విడిగా ఇవ్వండి. దీనికి తిరగేసిన మోసం కూడా ఒకటి నడుస్తోంది: నేను సిరియాలో ఉన్న అమెరికా సైనికుణ్ణి, మీకు బంగారం పార్సిల్ పంపాను, కస్టమ్స్ డబ్బు కట్టండి అనో, సెలవు దొరకాలంటే ఫీజు కట్టాలి అనో మెసేజ్ వస్తుంది. సెలవు కోసం ఏ సైనికుడూ డబ్బు కట్టడు. బ్లాక్ చెయ్యండి, అంతే.

సైన్యంలో మీ వాళ్లెవరూ లేకపోయినా పంపాలని ఉంటే ఆపరేషన్ గ్రాటిట్యూడ్, సోల్జర్స్ ఏంజెల్స్ లాంటి సంస్థలు ఉత్తరాలు, సరుకులు పోగుచేసి సైనికులకి చేరుస్తాయి. పిల్లల చేత కార్డులు రాయించేటప్పుడు మొదటి పేరు మాత్రమే పెట్టించండి, ఇంటి అడ్రసు వద్దు, మెరుపు పొడి చల్లొద్దు.

టైము లెక్క చూసుకోండి. క్రిస్మస్ ముందు అందరూ పంపేస్తారు కాబట్టి యూఎస్‌పీఎస్ ప్రతి ఏడూ ఏపీఓలకి ఆఖరి తేదీలు ప్రకటిస్తుంది, అవి మామూలు అడ్రసులకంటే ముందుంటాయి. సంక్రాంతి అరిసెలు జనవరి 14కి అందాలంటే డిసెంబర్ మొదటి వారంలోనే పంపెయ్యండి, తర్వాత పంపితే ఆ రద్దీలో ఇరుక్కుంటాయి. ట్రాకింగ్ చాలాసార్లు షికాగో దాకా చక్కగా చూపించి ఆ తర్వాత రోజుల తరబడి కదలదు, పెట్టె పోయిందని కంగారు పడకండి. ఓడ మీద ఉన్నవాడికైతే ఓడ రేవుకొచ్చినప్పుడో సరుకులు అందినప్పుడో ఒకేసారి మూడు పెట్టెలు చేరతాయి. తిరిగొచ్చే రోజులు దగ్గరపడితే ఓ ఆరు వారాల ముందే పంపడం ఆపెయ్యండి, లేకపోతే వాడు ఇంటికొచ్చి కూర్చున్నాక చెక్కలు కువైట్ చుట్టొచ్చి మీ గుమ్మం ముందు దిగుతాయి.