ప్రింటింగ్ పని నేర్చుకుందాం – 6వ పాఠం: ఆర్డర్ తేడా వస్తే ఖర్చు ఎవరిది?

పోయిన పాఠం చివర ఒక అభ్యాసం ఇచ్చాను. 400 శుభలేఖల ఆర్డర్. కస్టమర్ రాసిచ్చిన కాగితంలో "గురువారం రాత్రి 2.35 గంటలకు (తెల్లవారితే శుక్రవారం)" అని స్పష్టంగా ఉంది. డీటీపీ ఆపరేటర్ (కంప్యూటర్‌లో పేజీ తయారుచేసే కుర్రాడు) కంపోజ్ చేసేటప్పుడు "తెల్లవారితే శుక్రవారం" వదిలేశాడు. ప్రూఫ్, అంటే అచ్చుకు ముందు సరిచూసుకోవడానికి పంపే నమూనా, వాట్సాప్‌లో వెళ్లింది. పెళ్లికూతురి తండ్రి "ఓకే అండి" అని పెట్టారు. కార్డులు పంచడం మొదలయ్యాక చుట్టాలు ఫోన్లు చేస్తున్నారు: బుధవారం అర్ధరాత్రి దాటాక వచ్చే 2.35 ఆ, గురువారం అర్ధరాత్రి దాటాకా అని. మళ్లీ అచ్చు వేయాల్సిందే. డబ్బు ఎవరిది?

"ప్రూఫ్ ఓకే అన్నాక మాకు సంబంధం లేదు" అని మన లైన్లో చాలామంది వెంటనే అనేస్తారు. కస్టమర్ "తప్పు మీ కుర్రాడిది, మొత్తం మీరే వేసివ్వండి" అంటారు. రెండూ తొందరపాటు మాటలే. ఈ పాఠంలో నేర్చుకోవాల్సిన పని ఏమిటంటే, గొంతు పెంచకుండా మూడు ప్రశ్నలు వరసగా అడగడం. తప్పు ఏ దశలో పుట్టింది? అది ప్రూఫ్‌లో కంటికి కనబడే తప్పేనా? ప్రూఫ్ ఓకే అయ్యాక ఫైల్‌ని, కాగితాన్ని ఎవరు ముట్టుకున్నారు?

రెండో ప్రశ్న దగ్గర కాస్త ఆగుదాం. తగాదాలు ఎక్కువగా దీన్ని అడగకపోవడం వల్లే వస్తాయి.

వాట్సాప్‌లో పంపిన ప్రూఫ్ ఏం చూపిస్తుంది? పేర్లు, తేదీలు, ఫోన్ నంబర్లు, ఫోటో ఎక్కడుంది, ఏ లైను తర్వాత ఏ లైను. అంతే. కస్టమర్ ఇచ్చిన "ఓకే" కూడా అంతవరకే. రంగు గురించి ఆ ప్రూఫ్ ఏమీ చెప్పలేదు. ఫోన్ తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగుతో రంగు చూపిస్తుంది, మెషిన్ సయాన్ (ఆకాశనీలం లాంటిది), మెజెంటా (ముదురు గులాబీ లాంటిది), పసుపు, నలుపు ఇంకులతో వేస్తుంది. తెర మీద మెరిసే నీలం, చిలకాకుపచ్చ కాగితం మీద తప్పకుండా మందగిస్తాయి. ఈ సంగతి మనకు తెలుసు, కస్టమర్‌కి తెలియదు. తెలిసినవాడు ముందే చెప్పాలి. "మీరు ఓకే అన్నారుగా" అని ఆయన మీదకు నెట్టడం న్యాయం కాదు. రంగు ముఖ్యమైన పని అయితే కాగితం మీద ఒక కాపీ తీసి, దాని మీదే సంతకం పెట్టించండి. అప్పుడది శాంపిల్ అవుతుంది. శాంపిల్ చూపి అమ్మితే మొత్తం సరుకు దానికి సరిపోవాలని 1930 నాటి వస్తు విక్రయ చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. ఆ సంతకం ఉన్న కాపీ ఇద్దరికీ రక్ష.

కటింగ్ వంకరపోవడం, రిజిస్ట్రేషన్ (ఒక రంగు మీద ఇంకో రంగు సరిగ్గా కూర్చోవడం) కదిలి అక్షరాలకు నీడలా రంగు రావడం, ఇంకు ఆరకముందే దొంతి పెట్టడంతో వెనక షీటుకి అంటుకోవడం, లామినేషన్‌లో బుడగలు, 300 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో) అని చెప్పి 250 వేయడం... ఇవేవీ ప్రూఫ్‌లో కనబడవు. వీటికి చర్చ లేదు, ప్రెస్‌వాళ్లే పెట్టుకోవాలి.

తెలుగు పనిలో ఇంకో చిక్కు ఉంది. కస్టమర్ మ్యాటర్ ఫోన్‌లో యూనికోడ్‌లో టైప్ చేసి పంపుతారు. మనం పేజ్‌మేకర్ అనే పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో, యూనికోడ్ కాని అను ఫాంట్లతో పని చేస్తాం. కన్వర్ట్ చేసినప్పుడు ఒత్తులు ఎగిరిపోవచ్చు, అక్షరాలు తారుమారు కావచ్చు. మార్చింది మనం కాబట్టి ఆ తప్పు పుట్టింది మన దగ్గరే. అదే కస్టమర్ సొంతంగా పీడీఎఫ్ డిజైన్ చేయించుకొచ్చి "ఇది యథాతథంగా వేయండి" అంటే, అందులో పేరు తప్పున్నా, చుట్టూ 3 మి.మీ. బ్లీడ్ (కటింగ్ కోసం అంచు దాటి వదిలే అదనపు డిజైన్) లేకపోయినా బాధ్యత ఆయనది. ఒక్క మినహాయింపు మాత్రం నేను గట్టిగా చెబుతాను. ఫోటో మసగ్గా వస్తుందని మనకు ఫైల్ తెరవగానే తెలిసి కూడా మాట్లాడకుండా మెషిన్ ఎక్కిస్తే, ఆ నష్టంలో మనకూ వాటా ఉంది.

ఇప్పుడు శుభలేఖల లెక్కకు వద్దాం. తప్పు పుట్టింది ప్రెస్‌లో. రాతప్రతి సరిగ్గా ఉంది, అది మన చేతిలోనే ఉంది. అయితే ఇది ప్రూఫ్‌లో కనబడే తప్పు. ముహూర్తం లైను చదవడం కంటే ముఖ్యమైన పని ఆ ప్రూఫ్‌లో ఇంకేముంది? కాబట్టి ఇద్దరూ భరించాలి. నా లెక్కలో చెరిసగం.

దేనిలో సగం? ఇక్కడే చాలామంది పొరపడతారు. మొత్తం బిల్లు చూద్దాం: కార్డు 18 రూపాయల చొప్పున 7,200, ప్రింటింగ్ 1,600, కలిపి 8,800. దీన్ని సగం చేయకండి. మళ్లీ వేసే పనిలో లాభం కలపకూడదు, అసలు ఖర్చే లెక్కించాలి. అదీ మొత్తం కార్డుకి కాదు. ఈ కార్డులో ముహూర్తం ఉన్నది లోపలి ఇన్సర్ట్ షీటులో. బయటి కార్డు, కవరు శుభ్రంగా ఉన్నాయి. షీటు 3 రూపాయల చొప్పున 1,200, ప్రింటింగ్ అసలు ఖర్చు 900 అనుకుంటే మొత్తం 2,100. చెరో 1,050. ఇప్పటికే పంచిన కార్డులు తిరిగి రావు కాబట్టి వాటికి కొత్త ఇన్సర్టులు అక్కర్లేదు. ఆ చుట్టాలకు సరైన సమయం ఫోన్‌లో చెప్పాలి. ఆ మేరకు షీట్లు తగ్గితే ఖర్చు ఇంకా తగ్గుతుంది.

నష్టాన్ని ఇలా తగ్గించుకోవడం మంచితనం మాత్రమే కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ ప్రకారం, మాట తప్పడం వల్ల మామూలుగా కలిగే నష్టానికి, లేదా ఇలా జరిగితే ఇంత నష్టమని ఒప్పుకునేటప్పుడే ఇద్దరికీ తెలిసిన దానికి పరిహారం వస్తుంది. దూరపు, పరోక్ష నష్టానికి రాదు. నష్టాన్ని తగ్గించుకోవడానికి ఏ దారి ఉండిందో కూడా లెక్కలోకి తీసుకుంటారు. అందుకే "ఫలానా తేదీలోగా కావాలి, లేకపోతే నాకు ఇంత నష్టం" అని కస్టమర్ ముందే చెప్పినదాన్ని ఆర్డర్ పుస్తకంలో రాసుకోండి.

బిల్లు మీద అచ్చువేసుకునే "ఒకసారి ముద్రించినవి వాపసు తీసుకోబడవు" అనే లైను గురించి కూడా చెప్పాలి. కస్టమర్ మనసు మారితే అది పనికొస్తుంది. లోపం ఉన్న సరుకుకు అది అడ్డు రాదు. లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బివ్వకపోవడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతి అంటోంది. కస్టమర్లుగా ఈ పాఠం చదివేవాళ్లు ఉంటే, హెల్ప్‌లైన్ నంబర్ 1915. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు అయితే వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు ఫీజు లేదు, గడువు రెండేళ్లు. వ్యాపారం కోసం చేయించుకున్న పనికి సాధారణంగా ఈ చట్టం వర్తించదు, పొట్టకూటి కోసం స్వయంగా చేసుకునే ఉపాధి అయితే వర్తిస్తుంది.

ఒక రకం పనిలో మాత్రం కస్టమర్ ఏం చెప్పినా వినకూడదు. ఎన్నికల పాంప్లెట్లు, పోస్టర్ల మీద ముద్రించినవారి, ప్రచురించినవారి పేర్లు, చిరునామాలు ఉండాలని 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఏ సెక్షన్ చెబుతోంది. తప్పితే ఆరు నెలల వరకు జైలు, లేదా 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. "ఆ లైను తీసేయమని వాళ్లే అన్నారు" అనే మాట మనల్ని కాపాడదు. ఆ లైను లేకుండా వేసిన సరుకు ఖర్చు పూర్తిగా మనదే.

ఈ వారం అభ్యాసం. ఒక టిఫిన్ సెంటర్ యజమాని 2,000 పాంప్లెట్లు ఆర్డర్ ఇచ్చారు. మొదటి ప్రూఫ్‌లో ఫోన్ నంబర్ సరిగ్గా ఉంది. ఇడ్లీ ధర ఒక్కటి మార్చమన్నారు. ఆపరేటర్ ధర మారుస్తూ ఫోన్ నంబర్‌లో ఒక అంకె చెరిపేశాడు. రెండో ప్రూఫ్‌లో ఆయన ధర మాత్రమే చూసి ఓకే అన్నారు. న్యూస్‌పేపర్లలో పెట్టి పంచేశాక విషయం తెలిసింది. ఆయన మూడు అడుగుతున్నారు: పాంప్లెట్ల ఖర్చు, పంచినందుకు పేపర్ బాయ్స్‌కి ఇచ్చిన డబ్బు, ఆ వారం రాని ఆర్డర్ల మీద లాభం. మూడు ప్రశ్నలూ వేసుకుని, ఒక్కొక్కదానికి ఎవరి వాటా ఎంతో, ఎందుకో కాగితం మీద రాయండి. 7వ పాఠంలో జవాబు చూసుకుని, ఇలాంటి తగాదా రాకుండా ఆర్డర్ ఫారం ఎలా రాసుకోవాలో నేర్చుకుందాం.