దసరాకి చీకటి, సంక్రాంతికి పూలు: కలంచో మళ్లీ పూయాలంటే

కలంచోని చాలామంది పూలబొకేలా చూస్తారు. చలికాలంలో నర్సరీ నుంచి గుత్తులు గుత్తులుగా పూసిన కుండీ తెచ్చుకుంటారు. ఆరేడు వారాలు మురిసిపోతారు. పూలు వాడగానే మొక్క పని కూడా అయిపోయిందనుకుంటారు. మా అపార్ట్‌మెంట్‌లో ఏటా ఉగాది దాటాక చెత్తబండిలోకి ఇవి వెళ్తూనే ఉంటాయి. ఆ మొక్కలకి ఏ జబ్బూ ఉండదు. మళ్లీ పూయాలంటే వాటికి కావలసింది ఎరువు కాదు, మందు కాదు, పొడవాటి రాత్రులు.

దీని పుట్టిల్లు మడగాస్కర్. 1930ల్లో జర్మనీలో బ్లాస్‌ఫెల్డ్ అనే విత్తనాల వ్యాపారి దీన్ని అమ్మకానికి తెచ్చాడు. మన పెరళ్లలో పెరిగే రణపాల దీనికి దగ్గర చుట్టమే. ఆకులు దళసరిగా ఉండటం, నీళ్లు దాచుకోవడం రెండిటికీ ఉన్న గుణం. చుట్టం కదా అని దీని ఆకులు మాత్రం నమలకండి. కలంచోలో గుండె మీద పనిచేసే విషపదార్థాలు ఉంటాయి. ఇంట్లో పిల్లి గానీ కుక్క గానీ ఉంటే దానికి అందని ఎత్తులో పెట్టండి.

ముందు కుండీ సంగతి. నర్సరీ కుండీలో సాధారణంగా ఒట్టి కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొట్టు ఉంటుంది. అది తడిస్తే త్వరగా ఆరదు, పూర్తిగా ఎండితే మళ్లీ నీళ్లు సరిగ్గా పీల్చదు. పూలు అయిపోయాక మట్టికుండీలోకి మార్చండి. ఎర్రమట్టి, దొడ్డు ఇసుక, వర్మీకంపోస్టు సమపాళ్లలో కలిపి, పిడికెడు ఇటుక ముక్కలు వేస్తే చాలు. ఆరంగుళాల కుండీ సరిపోతుంది. పెద్ద కుండీ ఇస్తే బాగా పెరుగుతుందన్నది దీని విషయంలో చెల్లదు, మట్టి ఎక్కువైనకొద్దీ తడి ఎక్కువ రోజులు నిలుస్తుంది.

"రోజూ కొంచెం నీళ్లు పోస్తే చాలు మేడమ్" అని నర్సరీ అబ్బాయి చెబుతాడు. వినకండి. కింది ఆకు ఒకటి రెండు వేళ్ల మధ్య పట్టుకుని మెల్లగా నొక్కండి. గట్టిగా, నిండుగా ఉంటే ఆ రోజుకి నీళ్లు వద్దు. మెత్తబడి, పైన సన్నటి ముడతలు కనిపిస్తే దాహం వేసినట్టు. పసుపు రంగుకి తిరిగి, నొక్కగానే చితికిపోతే నీళ్లు ఎక్కువై వేరు కుళ్లుతోందని అర్థం. పోసినప్పుడు అడుగు రంధ్రంలోంచి కారేదాకా పోసి, పళ్లెంలో చేరిన నీళ్లు పారబోయండి. ఆకుల మీద పోస్తే తెగులు పట్టొచ్చు. వానాకాలంలో జల్లు కొట్టని చోటికి జరపండి.

తూర్పు బాల్కనీ దీనికి వరం. పొద్దుటి ఎండ పది గంటల దాకా తగిలితే చాలు. ఏప్రిల్, మే నెలల్లో నీడకి లాగండి. పడమటి ఎండకి ఆకుల అంచులు ఎర్రబడి మాడతాయి.

ఇక అసలు సంగతి. రాత్రి పొడవు పెరిగితేనే కలంచో మొగ్గ కడుతుంది. మా హైదరాబాద్‌లో జూన్‌లో రాత్రి దాదాపు 11 గంటలు, డిసెంబరులో 13. ఊళ్లో వసారాలో ఉన్న మొక్క ఎవరూ ఏమీ చేయకుండానే చలికాలం చివరికి పూస్తుంది. తంటా అంతా ఫ్లాట్లతోనే. హాల్లో ట్యూబ్‌లైటు పదకొండు దాకా వెలుగుతుంది, బాల్కనీ ఎదురుగా తెల్లార్లూ వీధిదీపం. మొక్కకి రాత్రి అయినట్టే తెలియదు.

అందుకే దసరా వారంలో మొదలుపెడతాను. సాయంత్రం ఆరింటికి మొక్క మీద అట్టపెట్టె బోర్లించి, పొద్దున ఎనిమిదింటికి తీస్తాను. అంటే 14 గంటల చీకటి. మిక్సీ కొన్నప్పుడు వచ్చిన పెట్టె సరిగ్గా సరిపోయింది, అతుకుల దగ్గర వెలుగు దూరకుండా టేపు వేశాను. లేతరంగు బకెట్ పనికిరాదు, వెలుతురు లోపలికి వస్తుంది. తీసిన వెంటనే మొక్కని మంచి వెలుతురులో పెట్టాలి. పగలంతా మూలన పడేస్తే రాత్రి చీకటి కూడా దండగే. ఇలా ఆరు వారాలు చేయాలి.

ఈ ఆరు వారాల్లో రాత్రిళ్లు పెట్టె ఎత్తి సెల్‌ఫోన్ టార్చి కొట్టి చూడొద్దు. నడిరాత్రి కాసేపు వెలుగు పడినా మొక్క లెక్క తప్పుతుంది. దీపావళి సరిగ్గా మధ్యలోనే వస్తుంది. అట్టపెట్టె పక్కన చిచ్చుబుడ్లు కాలిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు, ఆ పూట మొక్కని స్టోర్ రూమ్‌లో పెట్టెయ్యండి. నీళ్లు కొంచెం తగ్గించండి. యూరియా, పచ్చి పేడ లాంటివి దగ్గరికి రానివ్వకండి. నత్రజని ఎక్కువైతే ఆకులే పెరుగుతాయి.

కొసన చివరి జత ఆకుల మధ్య ఆవగింజంత పచ్చటి మొగ్గలు గుంపుగా కనిపించాక పెట్టె ఆపేయొచ్చు. అక్కడి నుంచి కాడ సాగడానికి, రంగు తేలడానికి ఇంకో నెలన్నర పడుతుంది. అలా సంక్రాంతి వేళకి పూలు విచ్చుకుంటాయి. ఒంటిరెక్కల రకం పువ్వుకి నాలుగే రేకులుంటాయి. ముద్దగా, చిట్టి గులాబీల్లా పూసే రకాన్ని కలండివా అని అమ్ముతారు. నాకు ఒంటిరెక్కదే ఇష్టం, దుమ్ము పట్టదు.

ఆకు చంకల్లో తెల్లటి దూదిలాంటి పిండినల్లి పురుగు చేరుతుంటుంది. కొద్దిగా ఉన్నప్పుడే సర్జికల్ స్పిరిట్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో ఒక్కొక్కటే తుడిచేయండి. వేపనూనె కొట్టాలంటే ముందు ఒక ఆకు మీద చల్లి రెండు రోజులు చూడండి.

పూలు వాడాక కాడని, దాని కింద ఒక జత ఆకులతో సహా కత్తిరించండి, పక్క కొమ్మలు వస్తాయి. పొడుగ్గా సాగిన కొసల్ని ఆగస్టు దాకా తుంచుకోవచ్చు. ఆ తర్వాత తుంచితే మొగ్గ రావాల్సిన కొసనే తీసేసినట్టు. తుంచిన నాలుగంగుళాల ముక్కని వెంటనే గుచ్చకండి. రెండు రోజులు నీడలో పడేసి, కోసిన చోటు ఆరాక ఇసుకలో గుచ్చితే రెండు మూడు వారాల్లో వేరు పడుతుంది. మూడేళ్లు దాటిన తల్లి మొక్క కింద బోడిగా, చెక్కబారి ఉంటుంది. దాన్ని బతిమాలే కంటే ఈ ముక్కల్లో మూడింటిని ఒకే కుండీలో పెట్టుకోవడం మేలు.